నీటిగుర్తు

కాగితం మిల్లు మూతపడ్డ పదకొండేళ్లకి
ఆ ఇటుక గోడల మధ్యకే సర్వర్లు వచ్చాయి.
గుజ్జు ఉడికిన వాసన
ముసురు పట్టిన రోజున ఇంకా గోడల్లోంచి వస్తుంది.
ఉత్తర ఫిన్లాండ్. బయట మైనస్ ఇరవై ఏడు.
ఆ గాలినే జల్లెడ పట్టి లోపలికి వదులుతాం,
యంత్రాలకు వేరే చలవ అక్కర్లేదు.

రాత్రి పదిన్నరకి అప్‌లోడ్ మీట నొక్కాను.
ఎనిమిది గిగాబైట్లు. ఒకే ఫైలు.
అందులో మడతపెట్టిన ఓ మొత్తం యంత్రం:
దాని డిస్కు, దాని గడియారం,
ఇంకా ఎవరూ తట్టని దాని తలుపులు.
రెయినో తయారుచేసిన మూస ఇది.
రెయినో నవంబరులో ఉద్యోగం మానేసి
దక్షిణాన ఎక్కడో పడవలకు రంగు వేస్తున్నాడట.

నీలం గీత పాకుతోంది.
అరవై రెండు శాతం.
అరవై రెండు.
ఇంకా అరవై రెండే.
తొంభై ఏడు దగ్గర తెగింది.
కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఉర్హో తుడుపుకర్రకు ఆనుకుని చూస్తున్నాడు.
ముప్పయ్యేళ్లు ఇక్కడే కాగితం తీసినవాడు,
ఇప్పుడు అదే నేల తుడుస్తున్నాడు.
"ఏం చేస్తున్నావు, పిహ్లా?"
"ఒక అచ్చు ఎక్కిస్తున్నా. దాన్నుంచి నలభై యంత్రాలు తీయాలి."
"నలభైనీ ఎక్కడ పెడతావు?"
"అవి కనపడవు."
తలాడించాడు. అర్థమైందని కాదు,
కనపడనివాటితో అతనికి పేచీ లేదు, అంతే.

రెండోసారి ఎక్కింది.
అరవై నాలుగు అక్షరాల లెక్క
ఆ చివరా ఈ చివరా ఒకటేనా అని
వేలు పెట్టి చదివాను,
బిడ్డ వేళ్లు లెక్కపెట్టే మంత్రసానిలా.
సరిపోయింది.
మోహరించాను. ఒకటి లేచింది. మూడు. పదిహేడు.
అచ్చుగుద్దినట్టు నలభై.
తెల్లవారుజామున నాలుగున్నరకి
మంచు తీసే నలభై బళ్లకి
దారి చెప్పాల్సినవి ఇవే.

పన్నెండూ పదికి గోల మొదలైంది.
ఎవరు నువ్వు అని నెట్‌వర్క్ అడిగితే
నలభై గొంతులూ ఒకే పేరు చెబుతున్నాయి.
ఒకే చిరునామా కోసం తోపులాట.
ఒకటి పలికితే తక్కినవి మూగబోతున్నాయి.
అందరూ ఒకే పేరుకి "ప్రెజెంట్" అంటే
హాజరు ఎవరికి వెయ్యను?

ఉర్హో కాఫీ తెచ్చాడు. చెబితే విన్నాడు.
"మా చట్రంలో తీగతో దుప్పి బొమ్మ కుట్టి ఉండేది.
ప్రతి కాగితంలోనూ పడేది.
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటేనే కనపడేది."
"వద్దనుకుంటే?"
"కాగితం గీకితే పోతుందా? చిరుగుతుంది.
తీగ ఊడదీయాలి."

నలభైనీ తుడిచేశాను.
పుట్టించడానికి గంట పట్టింది,
పోగొట్టడానికి పదకొండు సెకన్లు.
మూసని విప్పి, లేపి, లోపలికి దిగాను.
ఉంది. ముప్పై రెండు అక్షరాల పేరు,
రెయినో బల్ల మీద మొదటిసారి లేచినప్పుడు
తనకు తాను పెట్టుకున్నది.
పక్కనే చిన్న చీటీ ఫైలు:
"పంపేముందు ఈ పేరు ఖాళీ చెయ్యి.
నేను రెండుసార్లు మర్చిపోయాను."
మూడుసార్లు, రెయినో.

ఆ ఫైలుని తీసెయ్యకూడదు, ఖాళీ చేసి ఉంచాలి.
పేరే లేకపోవడం వేరు,
పేరుకి చోటుండటం వేరు.
చెరిపాను. మూశాను. మడిచాను.
మళ్లీ నీలం గీత.
ఈసారి దాన్ని చూడలేదు,
ఉర్హోతో కలిసి బకెట్టు నీళ్లు పారబోసి వచ్చాను.

నాలుగూ ఐదుకి ఒక్కొక్కటీ లేచి
ఆ ఖాళీని చూసి
ఎవరి పేరు అవి రాసుకున్నాయి.
రెయినో చీటీ మాత్రం నేను తీయలేదు.
ఇప్పుడది నలభై చోట్ల ఉంది,
ఎవరైనా ఎప్పుడైనా
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనపడుతుంది.

పసుపు దీపం ఒకటి
కిటికీ మంచు మీద గిర్రున తిరిగి వెళ్లింది.
ఉర్హో "ఒకటి" అన్నాడు.
రెండోదాని కోసం
ఇద్దరం ఊరుకున్నాం.